ఖుబానీ వాసన విస్కీ కోసం హైదరాబాద్‌లో రెండు రాత్రులు

మా బావది ఇరవై ఏళ్లుగా ఒకటే బ్రాండు. హన్మకొండలో ఆయన వెళ్లే వైన్స్‌లో కౌంటర్ అబ్బాయి అడక్కుండానే తీసి ముందు పెడతాడు. అలాంటి మనిషి దసరాకి డల్లాస్ నుంచి వచ్చిన మేనల్లుడి ఇంట్లో రెండు పెగ్గులు తాగి వచ్చి, వారం రోజులు అదే పాట. "అరే బామ్మర్దీ, అది విస్కీ కాదురా. ఖుబానీ కా మీఠా నోట్లె పెట్టుకున్నట్టున్నది." పేరు గుర్తులేదు. సీసా మీద షెర్రీ అని, అంటే ఒక రకం స్పెయిన్ వైన్ పేరు, ఉందట, అదొక్కటే ఆధారం. మేనల్లుడికి ఫోన్ చేస్తే "ఏదో ఎయిర్‌పోర్టులో కొన్నా మామా, గుర్తులేదు" అన్నాడు.

గోవా నుంచి తెప్పిస్తానని ఒక ఫ్రెండ్ ముందుకొచ్చాడు కానీ వద్దన్నాను. వేరే రాష్ట్రం సీసా ఇక్కడికి తెస్తే ఎక్సైజ్ వాళ్ల లెక్కలో అది నాన్ డ్యూటీ పెయిడ్, అంటే ఇక్కడి పన్ను కట్టని సరుకు. గోవా ఫ్లైట్ దిగినవాళ్ల బ్యాగుల్లో సీసాలు పట్టుకున్నారని పేపర్లో చూస్తూనే ఉన్నాం. విదేశం నుంచి దిగేవాళ్లయితే మనిషికి రెండు లీటర్ల దాకా డ్యూటీ ఫ్రీ తెచ్చుకోవచ్చు. మాకా, దగ్గర్లో ఫారిన్ నుంచి దిగే చుట్టం ఎవరూ లేరు. శుక్రవారం పొద్దున కాజీపేటలో రైలెక్కాం.

మొదటి రాత్రికి సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర లాడ్జి. 1,600 రూపాయలు. మంచం బాగుంది, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్లు మాత్రం పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకేనని బాత్రూం తలుపు మీద కాగితం అంటించారు. మేం లేచింది ఎనిమిదిన్నరకి. కిటికీ కింద రాత్రంతా బస్సుల హారన్లు. బావ కూతురు గచ్చిబౌలిలోనే ఉద్యోగం చేస్తుంది కానీ ఉండేది హాస్టల్లో, మాకు అక్కడ చోటులేదు. ఈ లాడ్జికి ఉన్న ఒకే లాభం, నడిచి వెళ్తే మెట్రో. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే అమీర్‌పేట మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగొచ్చు, మారే పని లేదు. తాగే ప్రోగ్రాం ఉన్నప్పుడు హైదరాబాద్‌లో బండి మాట ఎత్తకూడదు. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే, వీకెండ్ రాత్రుళ్లు మెయిన్ రోడ్ల మీద చెకింగ్ మామూలే.

మొదట ఒక పెద్ద లిక్కర్ షాపుకి వెళ్లాం. ఏసీ, ట్రాలీలు, చెక్క అరలు, సూపర్ మార్కెట్ లెక్క ఉంది. సేల్స్ అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. షెర్రీ క్యాస్క్, అంటే షెర్రీ పీపాలో పెరిగిన విస్కీ కావాలన్నాను. "చెర్రీ ఫ్లేవర్ సార్? ఉంది" అని ఎర్రటి లిక్యూర్ సీసా తెచ్చాడు. బావ నన్ను చూశాడు, నేను సీలింగ్ చూశాను. ఆ అబ్బాయిని అనడానికేం లేదు. అంత పెద్ద షాపులో సరుకు గురించి తెలిసిన మనిషిని ఒక్కడినైనా పెట్టుకోకపోవడం మాత్రం నాకు నచ్చలేదు.

సాయంత్రం ఒక బార్. ఇక్కడ తప్పు సగం మాది. వచ్చే ముందు స్టేషన్ ఎదురుగా ఆల్ఫాలో ఇరానీ చాయ్ తాగి, దారిలో మిర్చి బజ్జీలు తిన్నాం. నోరు మండుతుంటే విస్కీలో ఏం తెలుస్తుంది? ఇక మిగతా సగం. షెర్రీ విస్కీ ఉందా అంటే ఒక సీసా తెచ్చారు, అడుగున రెండు పెగ్గులు ఉంటుందేమో. ఎప్పుడు తెరిచారో తెలియదు. సీసా మూడొంతులు ఖాళీ అయి నెలల తరబడి అలాగే ఉంటే లోపలి గాలికి వాసన చచ్చిపోతుంది. చప్పగా ఉంది. బావ ఒక్క గుక్కలో తేల్చేశాడు: "కిస్మిస్ నానబెట్టిన నీళ్లు." పైగా బిల్లులో సర్వీస్ చార్జి వేశారు. తీసేయమంటే తీసేశారు, కానీ మేనేజర్ ముఖం మారిపోయింది.

శనివారం మకాం మాదాపూర్‌కి మార్చాం. సర్వీస్ అపార్ట్‌మెంట్, అద్దె లాడ్జికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువే. గదిలో శుభ్రమైన గాజు గ్లాసులు, ఫిల్టర్ నీళ్లు, రాత్రి నిశ్శబ్దం. ఇంకోసారి వస్తే రెండు రాత్రులూ ఇక్కడే. నడిచి పోయేంత దూరంలో ఒక బార్ దొరికింది. మేం గెలిచింది అక్కడే.

బార్ కౌంటర్ దగ్గర పాతికేళ్ల అబ్బాయి, మాట తీరు చూస్తే నిజామాబాద్ వైపు. బావ సంగతంతా చెప్పాడు: ఖుబానీ, డల్లాస్, షెర్రీ. ఆ అబ్బాయి నవ్వలేదు. "సీసా కొనకండి సార్, ముందు నాలుగు రకాలు 30 ఎంఎల్ చొప్పున తీసుకుని ఇద్దరూ పంచుకోండి" అన్నాడు. మా పర్సు సంగతి మాకంటే ముందు ఆలోచించిన మనిషి ఆ రెండు రోజుల్లో వాడొక్కడే.

షెర్రీ క్యాస్క్ అంటే విస్కీలో షెర్రీ కలిపారని కాదు. దక్షిణ స్పెయిన్‌లో హెరెజ్ చుట్టుపక్కల చేసే, కాస్త స్పిరిట్ కలిపి బలం పెంచిన ద్రాక్ష వైన్ షెర్రీ. అది నింపి పెట్టిన ఓక్ పీపాలో తర్వాత విస్కీని ఏళ్ల తరబడి ఉంచుతారు. అందులో ఓలోరోసో రకం గాలి తగులుతూ ముదురుతుంది కాబట్టి అక్రోటు, నారింజ తొక్క వాసనలు ఇస్తుంది. పెడ్రో హిమెనెజ్ అనేదానికి ద్రాక్షని ఎండబెట్టి పిండుతారు, అది నల్లటి పాకం. బావ ఖుబానీ గుట్టు అక్కడుంది. ఒకప్పుడు షెర్రీ పీపాల్లోనే బ్రిటన్‌కి వచ్చేది, ఖాళీ పీపాలు చవగ్గా విస్కీవాళ్లకి దొరికేవి. 1980ల్లో స్పెయిన్‌లోనే సీసాల్లో నింపి పంపాలన్న రూలు రావడంతో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు విస్కీ కోసమనే కొత్త పీపాలు చేయించి, ఏడాదో రెండేళ్లో షెర్రీ పోసి పెట్టి తీసుకుంటున్నారు. ధర ఎక్కువ ఉండటానికి అదొక కారణం.

నాలుగు గ్లాసులు వరసగా పెట్టాడు. పొట్ట వెడల్పు, మూతి సన్నం. పది నిమిషాలు ముట్టుకోవద్దన్నాడు. వాసన చూసేటప్పుడు ముక్కు లోపల పెట్టి గట్టిగా పీల్చకుండా, నోరు కొంచెం తెరిచి పెట్టుకోమన్నాడు. బావ ఎప్పటిలాగే ముక్కు పెట్టి గట్టిగా పీల్చి, కళ్లనీళ్లు పెట్టుకుని, తర్వాత చెప్పినట్టు చేశాడు.

మొదటిది బాల్వెనీ డబుల్‌వుడ్ 12. మొదట మామూలు అమెరికన్ ఓక్ పీపాల్లో పెరిగి, చివర్లో కొన్ని నెలలు షెర్రీ పీపాలో ఉంటుంది. దీన్నే ఫినిష్ అంటారు. తేనె ముందు, షెర్రీ వెనక. రెండోది గ్లెన్‌ఫిడిక్ 15 సొలెరా. మూడు రకాల పీపాల విస్కీని ఒక పెద్ద తొట్టిలో కలుపుతారు, ఆ తొట్టిని సగానికి మించి ఎప్పుడూ ఖాళీ చేయరు. మెత్తగా ఉంది, ఎవరికైనా పోయొచ్చు. అందులో మాకు కావాల్సింది మాత్రం పలచగా తగిలింది. మూడోది గ్లెన్‌డ్రోనాక్ 12, ఆల్కహాల్ 43 శాతం. ఇది పెరిగిందే పెడ్రో హిమెనెజ్, ఓలోరోసో పీపాల్లో. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే ఎండు ఖర్జూరం, అంజీర్, కొంచెం దాల్చిన చెక్క. బావ గ్లాసు దించలేదు. రెండో గుక్క తర్వాత గ్లాసు వైపే చూస్తూ అన్నాడు: "అదే కాదు గని, దాని చిన్నాయన కొడుకు."

నాలుగోది అబర్లూర్ అబునా, నీళ్లు కలపకుండా పీపా నుంచి తీసిన బలంతోనే నింపేది, 60 శాతం దరిదాపుల్లో. రుచి గొప్పదే, కానీ కొత్తవాడి నాలుక మొద్దుబారిపోతుంది. అబ్బాయి స్ట్రాతో నాలుగు చుక్కలు నీళ్లు వేశాడు, అప్పుడు గానీ అందులో పండు బయటికి రాలేదు. మొదటి సీసాగా దీన్ని ఎవరికీ చెప్పను. 43, 46 శాతం మధ్యలో మొదలుపెట్టండి.

రంగు చూసి మోసపోవద్దని కూడా చెప్పాడు. స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది, ముదురు ఎరుపు ఉన్నంత మాత్రాన షెర్రీ ఎక్కువని కాదు. లేబుల్ మీద ఫినిష్ అని ఉందా, ఏ షెర్రీ అని రాశారా, అదే చూడాలి. ఇంకోటి, కొన్ని షెర్రీ విస్కీల్లో కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తుంది, పీపాల్లో వాడే గంధకం వల్ల. మాకు మాత్రం ఏ గ్లాసులోనూ తగల్లేదు.

మనవాళ్ల సంగతి అడిగాను. హర్యానా ఇంద్రి ట్రినిలో బోర్బన్ (అమెరికా విస్కీ), ఫ్రెంచ్ వైన్, పెడ్రో హిమెనెజ్ పీపాలు మూడూ ఉన్నాయి, 46 శాతం. బెంగళూరు అమృత్‌లో ఇంటర్మీడియట్ షెర్రీ అని ఒకటుంది, 57.1 శాతం. స్కాట్లండ్‌లో పీపా నుంచి ఏటా రెండు శాతం ఆవిరైతే బెంగళూరు వేడికి పది శాతం దాటిపోతుంది. అందుకే ఇక్కడి విస్కీ తక్కువ ఏళ్లలోనే ముదిరిపోతుంది. ఈ ఆవిరయ్యేదాన్ని దేవదూతల వాటా అంటారట. "మన దగ్గర దేవదూతలకు దూప ఎక్కువ" అన్నాడు బావ.

ఆదివారం పొద్దున వేరే షాపులో గ్లెన్‌డ్రోనాక్ ఒకటి ఆయనకి, ఇంద్రి ఒకటి నాకు. ఇక్కడి సేల్స్ అమ్మాయి అడక్కముందే సీలు చూపించి, బిల్లు మీద పేరు సరిగ్గా పడిందో లేదో చదివి ఇచ్చింది. ఐదు నిమిషాల పని. తిరుగు ప్రయాణం బావ కూతురి కారులో, నడిపింది ఆ పిల్లే. సీలు తీయని సీసాలు డిక్కీలో, బిల్లు బావ జేబులో. భువనగిరి దాటేలోపు ఆయన ఆ జేబు మూడుసార్లు తడుముకున్నాడు.

నెలైంది. బావ సీసా ఇంకా సగానికి పైనే ఉంది, మామూలు రోజుల్లో పాత బ్రాండే. ఆ సీసా వచ్చిన గుండ్రటి డబ్బాలో మా అక్క అగరుబత్తులు పెట్టుకుంటోంది.