అమెరికా పద్ధతా, మన పద్ధతా: అధికారానికి కళ్లెం వేయడంలో ఏది మేలు?

బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న రాకుండా ఉండదు. "అన్నా, మనం కూడా అమెరికాలాగా ప్రెసిడెంట్ పద్ధతి పెట్టుకుంటే ఈ ఎమ్మెల్యేల బేరాలు, రిసార్టు క్యాంపులు ఉండవు కదా?" అని మొదలుపెడతారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా.

ఇక్కడి శాసనసభ భవనం విధానసౌధ ముందు నిలబడి చూడండి. హైకోర్టు ఎర్ర భవనం రోడ్డుకి అవతల ఉంది, అది వేరు. కానీ శాసనసభా, ముఖ్యమంత్రి ఆఫీసూ మాత్రం ఒకే కప్పు కింద ఉన్నాయి. మన పద్ధతి అంతా అందులోనే ఉంది. ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సభలోంచే ప్రభుత్వం పుడుతుంది.

అమెరికాలో అలా కాదు. ప్రెసిడెంట్ సభ దయ మీద బతకడు, సభ్యులు ఆయన దయ మీద బతకరు. 2017 జులైలో ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టంలో ముఖ్యమైన భాగాల్ని రద్దు చేసే బిల్లు అక్కడి ఎగువసభ సెనేట్‌కి వస్తే అధికార పార్టీ వాళ్లే ముగ్గురు అడ్డం తిరిగారు, 51-49తో బిల్లు పోయింది, ముగ్గురి సీట్లకీ ఏమీ కాలేదు. అక్కడి చిక్కల్లా ప్రెసిడెంట్‌కీ సభకీ, లేదా రెండు పార్టీలకీ పడకపోతే బండి ఆగిపోవడం. 2025లో ఖర్చుల బిల్లు కుదరక 43 రోజులు ప్రభుత్వం షట్‌డౌన్ అయ్యి ప్రభుత్వ ఉద్యోగులు జీతాలు లేక ఎంత టెన్షన్ పడ్డారో అక్కడ బంధువులున్న ప్రతి ఇంటికీ తెలుసు.

దానికంటే పెద్ద లోటు ఇంకొకటుంది. తప్పు చేసినవాణ్ణి మధ్యలో దించడం అక్కడ దాదాపు కుదరదు. 1868లో ప్రెసిడెంట్ ఆండ్రూ జాన్సన్‌ని దించడానికి సెనేట్ విచారణ జరిపితే ఒక్క ఓటుతో బయటపడ్డాడు. సెనేట్ దోషి అని తేల్చి దించిన ప్రెసిడెంట్ ఇప్పటిదాకా ఒక్కడూ లేడు. మన దగ్గర 1999 ఏప్రిల్‌లో అదే ఒక్క ఓటుతో, 269-270తో, వాజ్‌పేయి ప్రభుత్వం దిగిపోయింది. అది సరైన ఓటా కాదా అన్నది వేరే గొడవ, దించగలిగాం అన్నదే నాకు ముఖ్యం. అందుకే నా మొగ్గు మన పద్ధతి వైపే.

కోర్టుల సంగతిలో పెద్ద తేడా లేదు, చట్టాన్ని కొట్టేసే అధికారం రెండు చోట్లా ఉంది. మనకైతే 1973 కేశవానంద భారతి తీర్పు తర్వాత రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని దెబ్బతీసే సవరణను కూడా కొట్టేయొచ్చు.

అసలు తేల్చాల్సింది విప్ సంగతి, అంటే సభలో ఇలాగే ఓటెయ్యాలని పార్టీ ఇచ్చే ఆదేశం. 1984లో ఎన్టీఆర్‌ని దించేసినప్పుడు ఆయన ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి ఈ కర్ణాటకకే తీసుకొచ్చారు, మన పెద్దవాళ్లకి బాగా గుర్తుంటుంది. మరుసటి ఏడాదే పార్టీ మారినా, విప్ దాటినా సీటు పోయేలా ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. ఫిరాయింపులు ఆగాయా? 2019లో ఇక్కడే 17 మంది ఎమ్మెల్యేల మీద అనర్హత వేటు పడింది, అప్పటికే ప్రభుత్వం 99-105తో కూలిపోయింది, డిసెంబరులో 15 సీట్లకి ఉప ఎన్నికలు పెడితే అనర్హులైనవాళ్లే చాలామంది కొత్త పార్టీ టికెట్ మీద గెలిచి వచ్చారు. గుంపుగా వెళ్లేవాణ్ణి ఆ చట్టం ఆపలేకపోయింది. "ఈ బిల్లు మా ఊరికి నష్టం" అని ఒంటరిగా లేచి వ్యతిరేకంగా ఓటేసేవాడికి మాత్రం సీటే పోతుంది. ఇక సభ ప్రభుత్వాన్ని ఎలా అడుగుతుంది? ఇది తలుచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే మనం ఓటేసేది మనిషికి, సభలో చెయ్యెత్తేది పార్టీ.

బ్రిటన్‌దీ మన పద్ధతే. 2019 జనవరిలో ప్రధాని థెరిసా మే తెచ్చిన బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం) ఒప్పందాన్ని సొంత పార్టీ వాళ్లే 118 మంది ఎదిరించారు, 432-202తో ఓడించారు, ఒక్కరి సీటూ పోలేదు. మర్నాడే అవిశ్వాసం పెడితే మళ్లీ అదే పార్టీ అంతా ఆమెను నిలబెట్టింది. ప్రభుత్వం పడకుండా బిల్లు ఓడిపోవచ్చు అన్నమాట, నాకు కావాల్సింది అదే. ఫ్రాన్సులో ప్రెసిడెంటూ ప్రధానీ ఇద్దరూ ఉంటారు, స్విట్జర్లాండ్‌లో ఏడుగురి మండలి ఉంటుంది, అవి మనకి నప్పేవి కావు.

కాబట్టి ప్రెసిడెంట్ పద్ధతి అక్కర్లేదు, విప్‌ని కత్తిరిస్తే చాలు. విప్ దాటినందుకు విశ్వాస పరీక్ష లాంటి ఓట్లకే సీటు పోయేలా ఉండాలని 1990లోనే ఎన్నికల సంస్కరణల మీద వేసిన దినేశ్ గోస్వామి కమిటీ చెప్పింది. ఈసారి మీ ఎంపీ ఓటడగడానికి అపార్ట్‌మెంట్‌కి వస్తే చెత్త, నీళ్లు, ట్రాఫిక్‌తో పాటు ఆ సిఫార్సు మీద ఆయన మాటేమిటో కూడా అడగండి.