లేబుల్ లెక్కా, కాటా లెక్కా?

తిరుపతిలో ఏ కిరాణా కొట్టుకెళ్లినా మిక్స్చర్, చిప్స్ ప్యాకెట్లు వరసగా వేలాడుతుంటాయి. క్యాలరీలు లెక్కపెట్టే వాళ్లకు రెండు దారులున్నాయి. లేబుల్ మీది 'ఒక సర్వింగ్' (ఒకసారికి తినే మోతాదు) నమ్మి తినడం ఒకటి, గిన్నెను డిజిటల్ కాటా మీద పెట్టి, సున్నా చేసి, తినేదాన్ని తూచుకోవడం రెండోది.

మిక్స్చర్ విషయంలో నా ఓటు కాటాకే. 100 గ్రాములకు 540 క్యాలరీలు, సర్వింగ్ 30 గ్రాములు అని ఉందనుకుందాం. అంటే 162 క్యాలరీలు. చేత్తో వంచుకుంటే 45 గ్రాములు సులువుగా పడుతుంది, అది 243. ఒక్క గిన్నెలోనే 81 తేడా! నూనె ఎక్కువున్న వాటిలో ఈ పొరపాటు చాలా ఖరీదైనది, ఎందుకంటే గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, పిండిపదార్థానికి 4 మాత్రమే. వేరుశనగ చిక్కీ కూడా ఇంతే, ముక్కలన్నీ ఒకే సైజులో ఉండవు.

చిన్న బిస్కెట్ ప్యాకెట్ మొత్తం తినేస్తే లేబుల్ చాలు. అసలు బరువు అటూ ఇటూ కొంచెం ఉండొచ్చు, దానికి టెన్షన్ అక్కర్లేదు. మామిడి జ్యూస్‌కి మిల్లీలీటర్లు చూస్తే సరిపోతుంది.

ఓట్స్, నూడుల్స్ మాత్రం వండకముందే తూచండి. ఉడికాక నీళ్ల బరువు కలుస్తుంది, లేబుల్ లెక్క సాధారణంగా పొడిదానికే ఉంటుంది. లేబుల్ లేని మురుకుల కవరుకైతే కాటా బరువే చెప్పగలదు, క్యాలరీలు అంచనాయే.