రెండేళ్ల సోలార్ వాడకం: ప్యానెళ్ల కంటే పెట్టినవాళ్ల గురించే ఎక్కువ చెప్పాలి

విశాఖలో మా డాబా మీద మూడు కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బయటి కరెంటు లైనుకు కలిపి నడిచే) సోలార్ పెట్టించి రెండు ఎండాకాలాలు, రెండు వానాకాలాలు దాటాయి. 2024లో, ఇంటిమీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం మొదలయ్యాక పెట్టించుకున్నాం. ఏ బ్రాండ్ ప్యానెల్ మంచిది, ఏ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) యాప్ బాగుంటుంది అని రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం పెట్టినవాళ్ల గురించే రాస్తాను. ఈ రెండేళ్లలో మమ్మల్ని కాపాడిందీ, చిరాకు పెట్టిందీ వాళ్లే.

ముందు డబ్బు సంగతి. మా వీధిలో మోటార్లు, ఫ్యాన్లు బాగుచేసే వైర్‌మన్ ఒకాయన లక్షా నలభై వేలకు పెట్టేస్తానన్నాడు. డిస్కమ్ (కరెంటు పంపిణీ సంస్థ) దగ్గర రిజిస్టరైన వెండర్ లక్షా తొంభై చెప్పాడు. యాభై వేలు తేడా కదా, ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ సబ్సిడీ లెక్క వేస్తే కథ తిరగబడుతుంది. మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయలు. అది రిజిస్టరైన వెండర్ పెడితేనే, అదీ మన దేశంలో తయారైన సెల్స్‌తో ఇక్కడే చేసిన ప్యానెళ్లు వాడితేనే వస్తుంది. వీటినే డీసీఆర్ ప్యానెళ్లు అంటారు. అంటే రిజిస్టరైనవాళ్ల దగ్గర చివరికి మనకు పడేది లక్షా పన్నెండు వేలు. చవక అనుకున్నదే ఇరవై ఎనిమిది వేలు ఎక్కువ. ఒక్క మెలిక ఏమిటంటే, ముందు మొత్తం మనమే కట్టాలి, సబ్సిడీ తర్వాత మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. "సబ్సిడీ తీసేసి మిగతాది ఇవ్వండి చాలు, అది మేం చూసుకుంటాం" అనేవాళ్లు తగిలితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

అయితే రిజిస్ట్రేషన్ కంపెనీకి ఉంటుంది. డాబా ఎక్కేది మాత్రం ఇద్దరు కుర్రాళ్లు. నాకు ఇదే అసలు విషయం అనిపించింది. అందుకే అడ్వాన్స్ ఇచ్చేముందే, "పనికి వచ్చేవాళ్లలో ట్రైనింగ్ అయినవాళ్లు ఎవరు బాబూ?" అని అడిగాను. జాతీయ సౌరశక్తి సంస్థ నడిపే సూర్యమిత్ర శిక్షణ ఒకటుంది, 2015 నుంచీ ఉంది. వచ్చిన ఇద్దరిలో ఒకడు అది చేసినవాడే.

తేడా ఎక్కడ తెలిసిందంటే కనెక్టర్ల దగ్గర. ప్యానెల్ నుంచి ప్యానెల్‌కు వెళ్లే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) వైరు చివర్లకు ఎంసీ4 అని నల్లటి కనెక్టర్లు ఉంటాయి. ఆ కుర్రాడు వైరు కొస ఒలిచి, పిన్ను పెట్టి, దానికోసమే ఉన్న క్రింపింగ్ టూల్‌తో నొక్కి, గట్టిగా లాగి చూశాడు. ఒకటి కాస్త వదులుగా అనిపిస్తే కోసి పారేసి మళ్లీ చేశాడు. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే దాదాపు 300 వోల్టుల డీసీ వస్తుంది. ఇంట్లో వాడే, దిశ మారుతూ పారే ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ లేచినా ఆరిపోయే వీలుంది. డీసీకి ఆ ఊపిరి లేదు, లూజు కాంటాక్ట్ దగ్గర రవ్వ పుడితే మండుతూనే ఉంటుంది. టేపు చుట్టి సరిపెట్టే పని ఇక్కడ పనికిరాదు. ఎర్తింగ్ కూడా అంతే: డీసీకి, ఏసీకి, పిడుగు వాహకానికి వేర్వేరుగా మూడు గోతులు తవ్వారు, మీటరు పెట్టి రెసిస్టెన్స్ చూశారు, కాగితం మీద రాసిచ్చారు. పెరట్లో మూడు గోతులేమిటని మా ఆవిడ విసుక్కుంది గానీ నేను నోరు మెదపలేదు.

మాది సముద్రానికి దగ్గరి ఊరు, పైగా 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు. ఉప్పు గాలికి ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో మా గేటును చూస్తే తెలుస్తుంది. ప్యానెల్‌కు ఐఈసీ 61701 అనే ఉప్పు గాలి పరీక్ష అయిందా అని అడిగి, ఆ కాగితం చేతికొచ్చాకే సరే అన్నాం. స్టాండ్లు హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి. ఇప్పటికీ నట్ల దగ్గర తప్ప ఎక్కడా తుప్పు మరక లేదు.

ఒక విషయం ముందే చెప్పాలి, ఎందుకంటే సేల్స్‌వాళ్లు చెప్పరు. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ సోలార్ కూడా ఆగిపోతుంది. ఎండ మండుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. కొత్తలో మా అబ్బాయికి ఒళ్లు మండింది. కానీ అది లోపం కాదు. ఐఎస్ 16169 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పాసైన ఇన్వర్టర్ అలా ఆగి తీరాలి. లేకపోతే స్తంభమెక్కి తీగలు బాగుచేస్తున్న లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగులుతుంది.

మా వెనక వీధి మాస్టారు అనుభవం వేరు. రిజిస్ట్రేషన్ లేనివాడు పెట్టాడు, డిస్కమ్‌కు దరఖాస్తు లేదు, వచ్చే కరెంటునూ బయటకు వెళ్లేదాన్నీ విడిగా లెక్కించే నెట్ మీటర్ లేదు. "తర్వాత చూసుకోవచ్చండీ" అని స్విచ్ వేసేసి వెళ్లాడు. నెలాఖరుకు బిల్లు తగ్గకపోగా పెరిగింది. పాత మీటర్లు చాలావరకు కరెంటు ఏ వైపు పారినా వాడకంగానే లెక్కిస్తాయి. పగలు ఇంట్లో ఖర్చవకుండా బయటకు వెళ్లిన ప్రతి యూనిట్‌కూ ఆయన ఎదురు డబ్బు కట్టాడు. పెట్టినవాడు ఇప్పుడు ఫోన్ ఎత్తడు. కొత్తగా నెట్ మీటర్‌కు వెళ్తే ప్యానెళ్ల కాగితాలు, ఇన్వర్టర్ టెస్ట్ రిపోర్టు అడిగారు. ఆయన దగ్గర ఉన్నది చేత్తో రాసిన ఒక చీటీ.

మాకూ అంతా సాఫీగా సాగలేదు. మొదటి వానాకాలంలో ఇన్వర్టర్ మీద ఐసోలేషన్ ఫాల్ట్ (డీసీ కరెంటు ఎక్కడో భూమికి లీకవుతోందని హెచ్చరిక) అని ఎర్రలైటు వచ్చింది. ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటూ తిప్పారు. అప్పటిదాకా వాళ్ల మర్యాద చూసి ముచ్చటపడిన నాకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి, ఐదేళ్ల ఉచిత మెయింటెనెన్స్ అగ్రిమెంట్‌లోనే ఉందని, సూర్యఘర్ పోర్టల్‌లో కంప్లైంట్ పెడతానని మెసేజ్ పెట్టాను. మర్నాడు పొద్దున్నే మనిషి దిగాడు. స్టాండు అంచుకు రాసుకుని ఒకచోట వైరు తోలు ఊడింది. వైరు మార్చి, అక్కడ పైపు తొడిగి వెళ్లాడు, పైసా తీసుకోలేదు. సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సర్వీసు బాగుంటుందని నేను చెప్పను. ఆ వైరును అంచుకు తగిలేలా వదిలిందీ ట్రైనింగ్ ఉన్నవాళ్లే మరి. కాకపోతే రిజిస్టరైన కంపెనీవాళ్ల బ్యాంక్ గ్యారంటీ డిస్కమ్ దగ్గర ఉంటుంది, రిజిస్ట్రేషన్ పోతే వ్యాపారం పోతుంది. మాస్టారికి ఆ పట్టు కూడా లేదు.

ఉత్పత్తికి నా మార్కులు ఐదుకు ఐదు. వేసవిలో రోజుకు పన్నెండు యూనిట్ల చుట్టూ వస్తుంది, ముసురు పట్టినప్పుడు సగం కూడా రాదు, అది ఎవరి చేతిలోనూ లేదు. పనితనానికి నాలుగు. సర్వీసుకు రెండున్నర, అదీ ఆ కుర్రాడి మొహం చూసి.

రాజమండ్రిలో మా బావమరిది ఇప్పుడు పెట్టించుకోబోతున్నాడు. డిస్కమ్ వెండర్ల జాబితాలో కంపెనీ పేరు చూసుకోవడం అతనికి తెలుసు. నేను అదనంగా చెప్పింది ఒకటే: ప్యానెళ్లు డాబా ఎక్కించకముందే, కింద గోడకు ఆనించి ఉన్నప్పుడే, వెనకవైపు సీరియల్ నంబర్ల స్టిక్కర్లు ఒక్కొక్కటీ ఫోన్‌లో ఫొటో తీసి, డీసీఆర్ సర్టిఫికెట్‌లో ఉన్న నంబర్లతో సరిచూసుకోమని. బిగించాక ఆ స్టిక్కర్లు చూడాలంటే స్టాండ్ల కింద పాకాల్సిందే.