మగ్గం నేర్పేటప్పుడు: ప్రతిసారీ దిద్దాలా, అడిగితే చెప్పాలా?

పుట్టపాకలో మా మేనల్లుడికి మగ్గం నేర్పుతూ రెండూ చేసి చూశాను.

ఖర్చు: వెంటనే దిద్దితే నూలు పాడవదు, మన పని ఆగుతుంది. అడిగేదాకా ఆగితే నాలుగు రోజులు అంచు వంకర.

రిస్క్: నాడె (అడ్డదారాన్ని అటూ ఇటూ నడిపే పనిముట్టు) విసిరిన ప్రతిసారీ చెబితే వాడు బట్టను వదిలి నా ముఖం చూశాడు. నేను లేవగానే చెయ్యి ఆగింది. అడిగి తెలుసుకున్నది మాత్రం నిలిచింది.

మాట: "మణికట్టు తిప్పు" అంటే బిగుసుకుపోయాడు. "నాడె అవతలి అంచుకు చేరాలె అల్లుడూ" అంటే సాఫీగా సాగింది. ఒంటి కదలికలు ఎలా నేర్చుకుంటామో పరిశోధించిన గాబ్రియెల్ వుల్ఫ్, రెబెక్కా లూత్‌వైట్ 2016లో చెప్పిందీ ఇదే: దృష్టి ఒంటిమీద కాదు, పని ఫలితం మీద ఉండాలి, నేర్చుకునేవాళ్లకు ఎంపిక, నమ్మకం కావాలి.

పూర్తిగా కొత్తవాళ్లయితే, పట్టు పడుగు (నిలువు దారాలు) అయితే పక్కనుండి దిద్దండి. చెయ్యి తిరిగాక, నూలు మీద, అడగనివ్వండి.