ఈకోర్ట్స్ యాప్: వాయిదా తేదీ చూసి మూసేస్తే సగమే తెలుస్తుంది

కోర్టు కేసుల వివరాలు ఫోన్‌లో చూపే ఈకోర్ట్స్, కొన్నేళ్లుగా రోజూ తెరుస్తున్న యాప్. వాయిదా ఎప్పుడో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. అయితే అసలు సరుకు లోపలుంది. కేస్ హిస్టరీలో ‘బిజినెస్ ఆన్ డేట్’ కింది తేదీ నొక్కితే ఆ రోజు డాకెట్ (కోర్టులో ఏం జరిగిందన్న నమోదు) సారాంశం, తర్వాతి వాయిదా దేనికన్నది వస్తాయి.

వెతకడానికి ప్రతి కేసుకూ విడిగా ఇచ్చే 16 స్థానాల గుర్తింపు, అంటే సీఎన్ఆర్ నంబరే మేలు: రాష్ట్రానికి రెండక్షరాలు, జిల్లాకు రెండు, కోర్టుకు రెండంకెలు, వరుస సంఖ్య ఆరు, సంవత్సరం నాలుగు. ఆ ఆరంకెల్లో ఓ.ఎస్. (సివిల్ దావా) నంబరు ఇరికిస్తే వేరొకరి కేసు తెరుచుకుంటుంది. రెండూ ఒకటి కావు.

పొట్టి అక్షరాలతోనే తంటా. మేజిస్ట్రేట్ కోర్టులో సీసీ అంటే క్యాలెండర్ కేసు (మేజిస్ట్రేటే విచారించే క్రిమినల్ కేసు), హైకోర్టులో కోర్టు ధిక్కారం కేసు. పీఆర్‌సీ (సెషన్స్ కోర్టు విచారించాల్సిన కేసుకు మేజిస్ట్రేట్ కోర్టులో ఉండే పేరు) ‘డిస్పోజ్డ్’ అని కనబడగానే కేసు కొట్టేశారని సంబరపడేవాళ్లున్నారు. అది సెషన్స్‌కు కమిట్ అయింది, అంటే అక్కడికి పంపారు, అక్కడ ఎస్సీ (సెషన్స్ కేసు) నంబరుతో మళ్లీ మొదలవుతుంది. ఐఏ (దావా మధ్యలో వేసే పిటిషన్) ముగిసినా అంతే, దావా అలాగే ఉంటుంది.

ఒక ఎంట్రీ చూడండి: ‘డి1 కాల్డ్ ఆబ్సెంట్. సెట్ ఎక్స్‌పార్టీ. ఫర్ ప్లెయింటిఫ్ ఎవిడెన్స్. కాల్ ఆన్...’ మొదటి ప్రతివాదిని పిలిచారు, రాలేదు, అతను లేకుండానే వాది సాక్ష్యానికి వాయిదా వేశారు. ఇంకా డిక్రీ (దావాలో తుది ఉత్తర్వు) కాలేదు కాబట్టి సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 9 రూల్ 7 కింద తగిన కారణం చూపి మళ్లీ విచారణలోకి రావచ్చు. డిక్రీ అయ్యాక దాన్ని రద్దు చేయమని అడగడానికి రూల్ 13, గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులూ డిక్రీ సంగతి తెలిసిన నాటి నుంచి. తేదీ మాత్రమే చూసుకునేవాళ్లకు ‘ఎక్స్‌పార్టీ’ మాట కంటబడేది చాలాసార్లు డిక్రీ తర్వాతే. ‘స్టెప్స్ నాట్ టేకెన్’ అని ఉంటే వాది బత్తా (సమన్లు పంపడానికి కట్టే రుసుము) కట్టలేదన్నమాట. సమన్లు అందనిది అందుకే అయితే రూల్ 2 కింద దావా కొట్టేయొచ్చు కూడా.

ఎంట్రీ టైపు చేసేది మనిషే. ‘డి1’ బదులు ‘డి2’ పడటం, పాత వాయిదా వాక్యమే మళ్లీ రావడం మామూలే. అనుమానముంటే బెంచ్ క్లర్కును అడగాలి. పిటిషన్‌కు జత చేయడానికి స్క్రీన్‌షాట్ పనికిరాదు, కాపీ అప్లికేషన్ వేసి సర్టిఫైడ్ కాపీ తీసుకోవాల్సిందే.

‘మై కేసెస్’ జాబితా ఫోన్‌లోనే ఉంటుంది. ఫోన్ మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.