ఐదేళ్లుగా అల్యూమినియం ఫిల్మ్ రెజొనేటర్లతో

ముందే చెప్పేస్తున్నా, ఈ రెజొనేటర్ల (ఒక ఫ్రీక్వెన్సీకి మోగే చిన్న మైక్రోవేవ్ సర్క్యూట్లు) ఫిల్మ్‌కి వంక పెట్టలేం, తంటా అంతా దాన్ని పెట్టిన డబ్బాతోనే.

నేను చేసేది చాలా మామూలు కొలత. ఎల్‌ఈడీతో ఒక చిన్న వెలుగు పల్స్ కొడతాను, ఆ దెబ్బకి కూపర్ జంటలు (అతివాహకంలో, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే లోహంలో, జతకట్టిన ఎలక్ట్రాన్లు) విడిపోయి క్వాసీపార్టికల్స్ (జత విడిన ఎలక్ట్రాన్లు) పుడతాయి, రెజొనేటర్ గుండా వచ్చే సిగ్నల్ ఫేజ్ ఒక్కసారిగా గెంతుతుంది, అవి మళ్లీ జతకట్టే కొద్దీ మెల్లగా కిందికి దిగుతుంది. మొదట్లో ఆ దిగుడు మొత్తానికీ ఒకే ఎక్స్‌పొనెన్షియల్ (ఒకే నిష్పత్తిలో తరిగే వక్రరేఖ) వేసేసి నెలల తరబడి తప్పు అంకెలు రాసుకున్నాను. జతకట్టాలంటే రెండు కావాలి కదా, గుంపుగా ఉన్నప్పుడు చకచకా, పలచబడ్డాక నత్తనడక. ఫిట్ చేయాల్సింది చివరి తోకని మాత్రమే.

అల్యూమినియం 1.2 కెల్విన్ దగ్గర అతివాహకం అవుతుంది, అక్కడి నుంచి చల్లబరిచే కొద్దీ క్వాసీపార్టికల్ ఆయుష్షు (మళ్లీ జతకట్టేదాకా పట్టే సమయం) ఘాతీయంగా పెరుగుతూ పోవాలి. పెరిగింది కూడా, 220 మిల్లీకెల్విన్ దాకా. ఆ తర్వాత ఎంత దించినా 200 మైక్రోసెకన్ల దగ్గరే మొరాయించింది. ఫిల్మ్‌లోనే లోపమని మూడు వేఫర్లు (ఫిల్మ్ వేసిన పలకలు) మార్చాను, అదే అంకె! చివరికి చూస్తే శాంపిల్ డబ్బా మూతకి కేబుల్ కోసం తొలిచిన రంధ్రం. దాదాపు 90 గిగాహెర్ట్జ్ దాటిన ఏ ఫోటాన్ అయినా అల్యూమినియంలో జంటను విడగొట్టగలదు, ఫ్రిజ్‌లోని 4 కెల్విన్ పలక వెదజల్లే వికిరణంలో అలాంటివి దండిగా ఉంటాయి. డబ్బాలో డబ్బా పెట్టి, లోపల నల్లటి అబ్జార్బర్ పూసి, కేబుల్‌కి ఫిల్టర్ తగిలించాక ఆయుష్షు మిల్లీసెకను దాటింది.

అయినా 160 మిల్లీకెల్విన్ దగ్గర మళ్లీ ఆగుతుంది. ఈసారి దొంగ ఇంట్లోనే ఉన్నాడు, రీడౌట్ (రెజొనేటర్‌ని చదవడం) కోసం మనం పంపే మైక్రోవేవ్ పవరే క్వాసీపార్టికల్స్‌ని పుట్టిస్తోంది. పవర్ తగ్గిస్తే ఆయుష్షు పెరుగుతుంది, కానీ సిగ్నల్ యాంప్లిఫయర్ నాయిస్‌లో మునుగుతుంది. రోజూ ఈ బేరమే.

మధ్యలో టాంటలం కూడా వాడి చూశాను, పదుల మైక్రోసెకన్లకి మించలేదు. వేగం కావాలంటే అదే నయం, సున్నితత్వం కావాలంటే మాత్రం నా ఓటు అల్యూమినియానికే.

ఇప్పుడు ప్రతిసారీ చల్లబడగానే ముందు ఆ తోకే చూస్తాను. కిందటిసారి పొట్టిగా కనిపించింది, మళ్లీ వేడెక్కించి తెరిచి చూస్తే మూత స్క్రూ ఒకటి వదులుగా ఉంది.