సాక్సొఫోన్‌కి రొమాంటిక్ సంగీతం: షూమానా, సాంజెలేనా?

సాక్సొఫోన్‌తో 19వ శతాబ్దపు, అంటే రొమాంటిక్ యుగపు, ఛాంబర్ సంగీతం (కొద్దిమంది కలిసి వాయించేది) వాయించాలంటే రెండు దారులున్నాయి. జర్మన్ స్వరకర్త షూమాన్ లాంటివాళ్లు వేరే వాద్యాలకు రాసినవి తెచ్చుకోవచ్చు. లేదా బెల్జియం వయొలినిస్టు జాన్ బాప్టిస్ట్ సాంజెలే లాంటివాళ్లు అప్పట్లో సాక్సొఫోన్ కోసమే రాయగా తర్వాత మూలపడ్డవి బయటికి తీయవచ్చు.

అసలు అవి ఎందుకు మూలపడ్డాయి? అడాల్ఫ్ సాక్స్ 1846లో ఈ వాద్యానికి పేటెంట్ తీసుకున్నాడు. 1857 నుంచి పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో మిలిటరీ విద్యార్థులకు నేర్పాడు. వాళ్లకోసం తెలిసిన సంగీతకారులు రాసినవాటిని తనే అచ్చువేశాడు. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చింది, క్లాసు మూతపడింది. మళ్లీ తెరిచింది 1942లో, మార్సెల్ మ్యూల్ గురువుగా. మధ్యలో నేర్చుకునేవాళ్లే లేకపోతే ఆ కాగితాలు ఎవరికి కావాలి?

షూమాన్ 1849లో ఓబో (సన్నాయి లాంటి వాద్యం), పియానోలకు రాసిన మూడు రొమాన్సులు (భావప్రధానమైన చిన్న రచనలు) సన్నటి గొంతున్న సొప్రానో సాక్సొఫోన్ మీద బాగానే పలుకుతాయి. సంగీతంగా చూస్తే సాంజెలే వీటి దరిదాపుల్లోకి కూడా రాడు, అందులో వాదన లేదు. కానీ ఈ రొమాన్సుల్లో ఊపిరి తీసుకోవడానికి చోటు వెతుక్కోవాలి. ఓబోలోని సన్నటి జీర పోతుంది. సాక్సొఫోన్ కాస్త గొంతు పెంచితే పియానో వెనక్కి వెళ్లిపోతుంది.

సాంజెలే 1857 నాటి క్వార్టెట్ (నలుగురు కలిసి వాయించే రచన), ఓపస్ 53, అలా కాదు. సన్నటి గొంతు నుంచి మంద్రం దాకా సొప్రానో, ఆల్టో, టెనర్, బారిటోన్ సాక్సొఫోన్లు: ఈనాటి క్వార్టెట్లలోనూ మామూలుగా ఉండేది ఈ నాలుగే. నాలుగు భాగాల రచన. హార్మొనీలో (స్వరాలు కలిసి పలికే తీరులో) తర్వాత ఏం రాబోతోందో ముందే తెలిసిపోతుంది, ఒప్పుకోవాలి. అయినా ఒకే కుటుంబానికి చెందిన నాలుగు గొంతులు నెమ్మదైన రెండో భాగంలో కలిసే తీరు ఏ అరువు రచనలోనూ దొరకదు. జాజ్ పుట్టకముందు ఈ వాద్యం నుంచి ఏం ఆశించారో కూడా అక్కడే వినిపిస్తుంది.

నలుగురు దొరికితే నా ఓటు సాంజెలేకే. పియానో తోడుగా ఒక్కరే వాయించాలంటే షూమాన్ మేలు. ఆల్టో మాత్రమే ఉండి, అసలు రచనే కావాలని పట్టుదల ఉంటే ఫ్లూట్ విద్వాంసుడు జూల్ డెమెర్స్‌మాన్ రాసిన ఫాంటసీ ఉంది. వేళ్ల వేగం చూపించుకోవడానికి బాగుంటుంది. రెండోసారి వినాలని మాత్రం నాకు అనిపించలేదు.